సొరతీగకి పది గంటల విజిలు

ఇది ఒక వంశం నిలుస్తుందా, తుడిచిపెట్టుకుపోతుందా అనే మహాగాథ. ఇందులో రేయింబవళ్ళ కాపలా ఉంది. సరిహద్దు గోడ మీదికి వంగి శత్రుసైన్యాన్ని మొగ్గలోనే తుంచేసిన వీరుడున్నాడు. నల్లమల కొండల్లో మొక్కు ఉంది, దేవుడి వరం ఉంది, ఆ వరానికి పుట్టిన బిడ్డకి తండ్రి ఎవరన్న అనుమానం కూడా ఉంది. గుండె బలహీనంగా ఉన్నవాళ్ళు పక్కన చెంబుడు నీళ్ళు పెట్టుకుని చదవడం మంచిది.

అంత అవసరం లేదులెండి. ఇది నంద్యాలలో ఒక మిద్దె మీద పూసి పూసి కాయని సొరతీగ గురించి, దాన్ని కాయించాలని చూసిన ఒక మనిషి గురించి. నీళ్ళు ఎట్లాగూ తెచ్చుకున్నారు కాబట్టి తాగెయ్యండి.

ఆయన పోయాడని నాకు చాగలమర్రిలో, బ్యాంకు కౌంటర్లో కూర్చుని ఉండగా తెలిసింది. ఫోన్ చేసింది ఆయన అక్క. ఆళ్ళగడ్డలో ఉంటుంది. మేమందరం అవ్వ అంటాం.

“నాయనా, మీ మామ పోయినాడు,” అంది.

నేను లేచి నిలబడ్డాను. నా ముందు పాసుబుక్కు పట్టుకుని నిలబడ్డ రైతు నా మొహం చూసి, “కంప్యూటర్ మళ్ళీ ఆగిపోయిందా సార్?” అన్నాడు.

“తీగ నిండా కాయలుండాయి,” అంది అవ్వ అదే గొంతుతో. “దినాలకి వచ్చేటప్పుడు సంచి తెచ్చుకో.”

ఏడుద్దామనుకున్నవాణ్ణి సంచి గురించి ఆలోచిస్తూ కూర్చున్నాను. ఆ ఇంట్లో ఏ సంగతైనా ఇట్లాగే జరుగుతుంది.

మామ నాకు చుట్టమేం కాదు. బ్యాంకు పరీక్షల కోచింగుకని నంద్యాలకి వచ్చినప్పుడు గది అద్దెకిచ్చినాయన. నంద్యాలలో ఏ మిద్దె మీది గది తలుపు తట్టినా లోపల ఒకడు లుంగీ కట్టుకుని రీజనింగ్ లెక్కలు చేస్తూ కనిపిస్తాడు. ఆయన మిద్దె మీద ఆ ఒకణ్ణి నేను. గది అడగడానికి పోయిన రోజు ఆయన నా ఊరు అడగలేదు, కులం అడగలేదు, అడ్వాన్సు అడగలేదు.

“చేతులు చూపీ,” అన్నాడు.

చూపించాను. గోళ్ళు పరిశీలించాడు.

“ఎప్పుడన్నా చేత్తో పని చేసినావా?”

“రాసినా మామా. పరీక్షలు.”

“అదన్నా సరిగ్గా రాసింటే ఈడికెందుకొస్తావ్,” అని తాళంచెవి ఇచ్చాడు.

ఆయన ఎడమచేతి బొటనవేలి గోరు గురించి ముందు చెప్పాలి. మిగతా మనిషి దాని వెనకాల వచ్చేవాడు. పొడుగ్గా, పసుపుపచ్చగా, అంచు అరిగి, చిన్న పార మాదిరి ఉండేది. బత్తాయి ఒలవాలన్నా, మాత్రల అట్ట చింపాలన్నా, కరెంటు తీగకి తొడుగు తియ్యాలన్నా అదే. మాట్లాడేటప్పుడు కూడా గాల్లో ఏదో మొగ్గ ఉన్నట్టు, దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని గోరుతో ఒలిచేసేవాడు. మీ వాదనలో పస లేదు అని చెప్పడానికి ఆయనకి మాటలు అక్కర్లేదు. ఒలిచి, పక్కన పడేసినట్టు చెయ్యి విదిలించేవాడు. అంతే, మన వాదన అక్కడ కింద పడి ఉండేది.

ఆ గోరు సీడుపత్తి గోరు. నంద్యాల నుంచి ఆళ్ళగడ్డ దాకా ఎర్రటి ఎండలో సీడుపత్తి మడుల్లో ఆయన బతుకంతా గడిచింది. ఆ పని తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తాను. పత్తిపువ్వుని దాని మానాన వదిలేస్తే అదే కాస్తుంది. విత్తనాల కంపెనీకి కావలసింది రెండు రకాలు కలిసిన గింజ. అందుకని మధ్యాహ్నం మూడు నుంచి కూలీలు ఆడసాళ్ళలో దిగి, రేపు విచ్చుకోబోయే మొగ్గల్ని పట్టుకుని, బొటనవేలి గోరుతో మగకేసరాలు ఒలిచేసి, పైన కాయితం తొడుగు పెడతారు. మరుసటి పొద్దున పదికి మగసాళ్ళ పూలు తెచ్చి, తొడుగు తీసి, రుద్దుతారు. దీన్ని క్రాసింగు అంటారు. మామ ముందు కూలీ, తర్వాత మేస్త్రీ. నల్లగొడుగు కింద నిలబడి పదికి ఒక విజిలు, మూడుకి ఒక విజిలు వేసేవాడట.

ఇన్ని పూలకి పెళ్ళిళ్ళు చేసిన మనిషి తాను మాత్రం చేసుకోలేదు. ఈ జోకు నేను వేద్దామనుకునేలోపల ఊరంతా వేసేసింది. మొదటిసారి వేసినవాడికి ఆయన నవ్వాడంటారు. తర్వాత వేసినవాళ్ళందరికీ గాల్లో మొగ్గ ఒలిచి చూపించాడు.

పని మానేసినా విజిలు మానలేదు. పొద్దున పదికి, మధ్యాహ్నం మూడుకి మిద్దె మీద నిలబడి వేసేవాడు. ఎవరి కోసం అని ఎవరూ అడగలేదు, ఎందుకంటే అందరికీ పనికొచ్చేది. గోడ అవతల కూలర్లు రిపేరు చేసే చాచా పది గంటల విజిలుకి బీపీ మాత్ర వేసుకునేవాడు. నేను ఆ విజిలుకే నిద్ర లేచేవాణ్ణి.

ఆయన నోట్లో తిట్టు ఒక్కటే, సెల్ఫు. ఒలవడం మరిచిపోయిన పువ్వు దానికదే కాస్తే ఆ కాయని మడిలో సెల్ఫు అంటారట. అది దొరికితే మేస్త్రీకి తలవంపులు. ఆయన లోకమంతా అదే. ఉప్పు ఎక్కువైన ఉగ్గాని సెల్ఫు. చెప్పాపెట్టకుండా వచ్చిన వాన సెల్ఫు. “నిన్ను అడిగేవాడు ల్యాక పెరిగినావు, సెల్ఫువి,” అని నన్ను కూడా అన్నాడు. మా నాయన విన్నా కాదనడు.

ఇప్పుడు సొరగింజల సంగతి.

వాళ్ళమ్మ ఆళ్ళగడ్డ ఇంటి పెరట్లో ఒక సొరతీగ పెంచేది. పొట్టి మెడ, పెద్ద కడుపు, లేత ఆకుపచ్చ రంగు. ఏటేటా ఒక కాయని తీగ మీదే ఎండనిచ్చి, గింజలు లోపలే ఉండగా దూలానికి వేలాడదీసేది. ఆమె పోయాక ఆ కాయ అవ్వ దగ్గర వేలాడింది. ఇంటికి కప్పు మార్పించినప్పుడు, పాత దూలాలతో పాటు ఎండు సొరకాయ కూడా కూలీల చేతుల్లో పడి పగిలింది. గింజలు ఇసకలో కలిసిపోయాయి. అవ్వ కూర్చుని ఏరితే పిడికిట్లో సగం కూడా రాలేదు. అవి తెచ్చి తమ్ముడి చేతిలో పెట్టింది.

“ఊరందరికీ గింజలు చేసిస్తివి. అమ్మ గింజ ఒగటి చేసియ్యి. ఈ ఏడు కాయకుంటే ఇంక అయిపోయినట్టే. నేను పోయేలోపల ఒక్క కాయ చూడాల.”

మామ ఆ గింజల్ని పెరట్లో నాటాడు. మొలిచింది ఒక్కటే. ఆ ఒక్కటీ గోడ పట్టుకుని మిద్దెకి ఎగబాకి, నా గది ముందర ఆయన కట్టిన పందిరి మీద పరుచుకుంది. వంశం మొత్తం ఇప్పుడు నా బట్టలారేసుకునే తీగ పక్కన ఉంది.

తీగ పూసింది. సొరకి పూలు రెండు రకాలు. వెనకాల వేలెడు పిందె ఉండేది ఆడది, వట్టి కాడ మీద ఉండేది మగది. మొదటి ఆడమొగ్గ కనిపించిన రోజు మామ విజిలు మెళ్ళో వేసుకుని, ఇస్త్రీ చొక్కాతో పైకొచ్చాడు.

“దీన్ని ఎవురూ ముట్టాకండి. ఇది అమ్మ గింజ. వీధిలో ఉండేటివన్నీ అంగడి ప్యాకెట్ల సొరలు. వాటి పుప్పొడి ఒక్క రవ్వ పడినా గింజ చెడిపోతాది. కాయలో కనపడదు, వచ్చే ఏడు కనపడతాది.”

“మామా, తేనెటీగలకి ఎట్లా చెప్తావు?”

“చెప్పను. మూత పెడతా.”

నా గదిలో పాత మోడల్ పేపర్లు గుట్టగా ఉండేవి. వాటిని చిన్న గొట్టాలుగా చుట్టి, కొస మడిచి, మధ్యాహ్నం మూడు గంటల విజిలు వేసి, రేపు విచ్చుకునే ఆడమొగ్గలన్నిటికీ తొడిగేవాడు. మరుసటి పొద్దున పది గంటల విజిలు వేసి, ఆ తీగవే మగపూలు కోసి, చాటలో కాసేపు ఎండకి పెట్టి, తొడుగు తీసి, ఆడపువ్వుకి రుద్దేవాడు. మళ్ళీ మూత. గంభీరంగా, ఆపరేషన్ థియేటర్లో మాదిరి. మూత తీసేసరికి ఆడపువ్వు వడిలిపోయి ఉండేది. “ఎండదెబ్బ,” అనేవాడు.

మూడో రోజుకి పిందె పసుపుపచ్చగా మారి రాలిపోయేది. మళ్ళీ ఇంకో మొగ్గ, ఇంకో మూత, ఇంకో విజిలు. సాయంత్రం ఆయన బస్టాండు దగ్గర టీ బంకుకి పోయి పాత మేస్త్రీలతో కూర్చునేవాడు. ఆ టైంలో నేను కోచింగులో ఉండేవాణ్ణి. తిరిగి వచ్చేసరికి చీకటి పడేది. పందిరి మీద అక్కడక్కడా తెల్లగా కనిపించేవి. నా పేపర్లే కదా అనుకుని తలుపు వేసుకునేవాణ్ణి.

రోజూ పొద్దున్నే అవ్వ ఫోను.

“కాసిందా?”

“పూసింది.”

“పూసేది సరే రా. కాసిందా?”

మామ ఫోను నా చేతిలో పెట్టేసేవాడు. అవ్వ నన్ను కూడా వదిలేది కాదు. “నీ పరీక్ష ఏమాయ నాయనా?” నేను ప్రతిసారీ ప్రిలిమ్స్ గట్టెక్కి మెయిన్స్‌లో పోయేవాణ్ణి. “పూసిందవ్వా,” అనేవాణ్ణి. ఆమెకి అర్థమయ్యేది.

మామ చేయని వైద్యం లేదు. మజ్జిగ పోశాడు, శెనక్కాయ చెక్క నానబెట్టి పోశాడు, నీళ్ళు పెంచాడు, తగ్గించాడు. మా పెద్దమ్మ చీర ఒకటి నా దగ్గర దుప్పటిగా ఉండేది, దాన్ని ఎండ తగలకుండా పందిరికి కట్టాడు. ఆ చలికాలం నేను ఏం కప్పుకున్నాననేది వేరే గాథ.

చాచాది కూడా సొరతీగే. ప్యాకెట్టు సొర. రెండిళ్ళ మధ్య పిట్టగోడ మీద పాకింది. మధ్యాహ్నం మూడుకి మామ తన ఆడమొగ్గలకి మూతలు పెట్టాక, చుట్టూ చూసి, గోడ మీదికి వంగి, చాచా తీగ మగమొగ్గల్ని ఆ గోరుతో టకటకా గిల్లేసేవాడు. ఒక్కటి వదిలేవాడు కాదు. సరిహద్దు గోడ, శత్రుసైన్యం అని మొదట్లో చెప్పింది ఇదే.

“మామా, అది చాచా తీగ కదా.”

“గోడ మన్ది,” అన్నాడు.

చాచాకి ఇదేమీ తెలియదు. ఒకరోజు స్పానర్ పట్టుకుని గోడ దగ్గరికొచ్చి, “మామా, మీది కాయల్యా, నాది కాయల్యా. వీధికే దిష్టి తగిలింది. లేదంటే ఆ సెల్ టవరు,” అన్నాడు. నా మార్కులు తగ్గింది కూడా ఆ టవరు వల్లే అయ్యుంటుందని నేను ఒప్పుకున్నాను. చాచా తన తీగకి ఒకటి, మా పందిరికి ఒకటి పాత చెప్పులు వేలాడదీశాడు. ఒకే జత. మామ ఆకాశం వైపు చూశాడు. “సైన్సు తెలిసినోళ్ళం మనం,” అని నాతో అన్నాడు. చెప్పు మాత్రం తీసెయ్యలేదు.

రోజులు గడిచేకొద్దీ ఆయన తినడం తగ్గింది. తీగ అడుగు ఆకులు బూడిద పట్టినట్టు తెల్లబడుతున్నాయి. అదింక ఎన్నాళ్ళో ఉండదు. దాని మీద ఇంకా నాలుగైదు ఆడమొగ్గలు మాత్రం మిగిలాయి. ఆయన కిందా మీదా పడుతుంటే, “పోనీలే మామా, నీకు సొరకాయ అంటే అంత ఇష్టమా?” అని అడిగాను.

“నాకు సొరకాయ అంటేనే పడదు,” అన్నాడు. “చిన్నప్పుడు మూడు పూటలా అదే పెట్టేది అమ్మ. ఇంకోటి ల్యాక. వాసన చూస్తే ఇప్పటికీ కడుపులో తిప్పుతాది.” చాట దులుపుతూ, “అయినా అది పోకూడదు,” అన్నాడు.

నేను ఏదో జోకు వెయ్యబోయి, కింద పడ్డ మూత ఏరి ఆయనకిచ్చాను. 

ఆ వారంలోనే అవ్వ ఆళ్ళగడ్డ నుంచి బస్సెక్కి వచ్చింది. మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కి, పందిరి కింద నిలబడి చాలాసేపు చూసింది.

“ఏందిరా ఇది. తీగకి టోపీలు పెట్టినావు?”

“ముట్టాకు అక్కా. సెల్ఫు అయితాది.”

“అయితే కానీ. అమ్మ యాడ పెట్టింది కాయితాలు? ఆమెకి చదువే రాదు.”

“అప్పుడు ఊరంతా ఒకే సొర. ఇప్పుడు ఇంటికో ప్యాకెట్టు. నీకు తెలీదు, గమ్మునుండు.”

“నాకు తెలీదులే. నీకు తెలిసి ఏం కాయించినావు?”

మామ గాల్లో మొగ్గ పట్టుకున్నాడు. ఒలవలేదు. చెయ్యి దించేశాడు.

మరుసటి పొద్దున తెల్లచొక్కా వేసుకుని అహోబిలం బయల్దేరాడు. “మొక్కుకి కాదు. చూసి చాన్నాళ్ళయింది,” అని ఎవరూ అడగకుండానే చెప్పాడు. విజిలు నా మెళ్ళో వేసి, మూడుకి మూత, పదికి క్రాసింగు అని రెండుసార్లు చెప్పించుకున్నాడు. రాత్రికి వచ్చేస్తానన్నాడు.

రాలేదు. ఎగువ అహోబిలం మెట్లు దిగుతుంటే మోకాలు పట్టేసిందట. కింద సత్రంలో పడుకున్నాడు. ఆ మరుసటి రోజే నాకు కర్నూలులో పరీక్ష. విజిలు మేకుకి తగిలించి నేనూ వెళ్ళిపోయాను. మిద్దె మీద మిగిలింది తీగ, చెప్పు, అవ్వ.

నాలుగో రోజు మామ కుంటుకుంటూ వచ్చాడు. నేను అంతకు ముందు బస్సుకే దిగాను. ప్రసాదం పొట్లం పట్టుకుని, నా భుజం మీద చెయ్యేసి ఒక్కో మెట్టు ఎక్కాడు. పందిరి చూసి ఆగిపోయాడు. ఒక్క మూత లేదు.

“అక్కా. కాయితాలేవి?”

“నీళ్ళు కాంచుకున్నా,” అంది అవ్వ కింద నుంచి. “పొయ్యి అంటుకోవాలంటే ఏదో ఒగటి ఉండాల కదా. కిరసనాయిలు యాడుంది?”

నా మోడల్ పేపర్లు వేడినీళ్ళు కాచాయన్నమాట. నాకు వాటితో అంత పని ఎప్పుడూ కాలేదు.

మామ పందిరి కింద వంగి ఒక్కో పిందె చూసుకుంటూ పోయాడు. ఒకటి రాలిపోయి ఉంది. ఇంకోటి పసుపెక్కింది. మూడోది దగ్గర ఆగాడు. అది పిడికిలంత అయ్యి, నూగుతో మెరుస్తూ, బరువుకి కాడ వంచుకుని వేలాడుతోంది. కొసన ఎండిన పువ్వు ఇంకా అతుక్కునే ఉంది. ఆయన చెయ్యి చాపాడు. గోరు దాని దాకా పోయింది కానీ ముట్టలేదు. మూడు నెలల్లో ఆ గోరు ఒక పిందెని ముట్టకుండా వెనక్కి రావడం అదే మొదలు.

“స్వామి ఇచ్చినాడు,” అన్నాడు మెల్లగా.

చాచా గోడ మీంచి తొంగి చూసి, “చెప్పు పని చేసింది,” అన్నాడు.

“నా పేపర్ల పొగ,” అన్నాను నేను. నన్నెవరూ పట్టించుకోలేదు.

ఆ రోజంతా ఇల్లు పండగలా ఉంది. మరుసటి పొద్దున పదికి మామ విజిలు వేశాడు. వేసి, నోట్లోంచి తియ్యకుండానే అట్లాగే నిలబడిపోయాడు. ఆయనలోని మేస్త్రీ నిద్రలేచాడు.

“తండ్రెవురు?” అన్నాడు.

“ఎవరికి మామా?”

“దీనికి.”

ఆడపిల్ల తండ్రి మగపిల్లోడి ఇంటికి పోయినట్టు, ఇస్త్రీ చొక్కా వేసుకుని చాచా ఇంటికి బయల్దేరాడు. నేను వెనకాలే పోయాను, ఇట్లాంటివి మళ్ళీ మళ్ళీ జరగవు కాబట్టి. చాచా ఒక కూలర్ కడుపు విప్పి కూర్చుని ఉన్నాడు.

“నీ తీగ మగపూలు ఈ వారంలో ఏమన్నా విచ్చుకున్నాయా?” అని అడిగాడు మామ, ఏ ముందుమాటా లేకుండా.

“నా తీగా? నువ్వు అహోబిలం పోయిన దినమే దాన్ని పీకేస్తి కదా మామా. అట్లాంటి తీగ నేను యాడా చూడలే. ఆడపూలు పూసేవి, మగపువ్వు ఒక్కటి పూసేది కాదు. పొద్దున మొగ్గ ఉండేది. సాయంత్రానికి ఉండేది కాదు.”

నాకు దగ్గు వచ్చింది. మామ కూలర్ వైపు శ్రద్ధగా చూశాడు.

“విత్తనం మంచిది కాదేమో,” అన్నాడు.

“అంతే అయ్యుంటాది,” అన్నాడు చాచా, పాపం.

తిరిగి వచ్చేటప్పుడు, “సరే మామా, చాచా తీగ కాదని తేలింది కదా,” అన్నాను. “వీధిలో ఇంగా తీగలు ల్యావా? తేనెటీగ నూనెపల్లె దాకా పోయొస్తాది,” అన్నాడు. ఇల్లు చేరేసరికి తీర్పు అయిపోయింది. మెట్ల కిందే అవ్వతో చెప్పాడు.

“అక్కా, దాన్ని కూరకి కోద్దాం. గింజకి పనికిరాదు. మూత ల్యాకుండా కాసింది. అది అమ్మ గింజ అని చెప్పి నేను ఎవురి చేతిలోనూ పెట్టలేను.”

“ఇంగో పిందె ఉందా?”

“ల్యా. తీగ అయిపోయింది.”

“అయితే ఇదొక్కటే కదరా ఉండేది.”

“ఉంటే? సెల్ఫు సెల్ఫే.”

అవ్వ తింటున్న ప్లేటు పక్కన పెట్టింది. ఆమెకి కోపం వస్తే గొంతు తగ్గుతుంది.

“నిన్న ఏమంటివి? స్వామి ఇచ్చినాడంటివి.”

“అంటి.”

“ఇచ్చినాయన్ని పట్టుకుని గోత్రం అడుగుతాండావా?”

“అది కాదక్కా,” అన్నాడు మామ.

“తల్లి ఎవురో తెలుసు కదా,” అంది అవ్వ. “సాలు. నాకు సాలు. దాన్ని కోసినావంటే నేను మళ్ళీ ఈ ఇంట్లో నీళ్ళు తాగను. నేను పోయేలోపల ఒక్క కాయ చూడాలంటి, చూసినా. ఇప్పుడు అది ఎండేది కూడా చూడాల.”

ఆయన బతుకంతా మడి గట్టు మీద నిలబడి, ఏ కాయ ఉండాలో ఏది పోవాలో చెప్పిన మనిషి. ఒక్క సెల్ఫు వదిలేస్తే రాత్రి నిద్ర పట్టేది కాదని ఆయనే చెప్పేవాడు. మెట్ల మీద కూర్చున్నాడు. గోరు వైపు చూసుకున్నాడు. లేచి, పాత పంచె అంచు చింపి, మెల్లగా పైకి పోయాడు. మేం వెళ్ళి చూస్తే, కాయ బరువుకి కాడ తెగకుండా ఆ గుడ్డని ఊయల మాదిరి పందిరికి కడుతున్నాడు.

“గట్టిగా కట్టు,” అంది అవ్వ.

“నాకు తెలుసులే,” అన్నాడు.

కాయ తీగ మీదే ఎండింది. నేను కూడా ఆ ఏడు కాశాను, చాగలమర్రిలో. గది ఖాళీ చేసేటప్పుడు ఎండు సొరకాయ ఆయన వంటింటి దూలానికి వేలాడుతోంది. ఊపితే గింజలు గలగలమన్నాయి. ఆయన దాన్ని ఊపి వినిపించాడు కానీ నా చేతికివ్వలేదు.

మరుసటి ఏడు ఆ గింజలు నాటాడు. మూతలు పెట్టలేదు, ఎందుకంటే స్వామి వారి వ్యవహారంలో మూతలు బాగుండవు. కానీ పదికి విజిలు వేసి, మగపూలు కోసి, చాటలో ఎండబెట్టి, వడిలిన ఆడపూలకి రుద్దడం మాత్రం ఆపలేదు. ఈసారి రుద్దినవి రుద్దినట్టు కాశాయి. నాకు ఫోన్ చేశాడు.

“చూసినావా. చెయ్యి పడాల. పోయినేడు చెయ్యి కుదరల్యా, ఈ ఏడు కుదిరింది.”

“నీ చెయ్యే వేరు మామా,” అన్నాను. నిజంగానే అనుకున్నాను.

ఆ తర్వాత ఒక పొద్దున పదికి విజిలు పడలేదు. చాచా నీళ్ళ గ్లాసు పట్టుకుని, మాత్ర అరచేతిలో పెట్టుకుని కాసేపు చూశాడట. తర్వాత గోడ దూకాడు. నిద్రలోనే పోయినట్టున్నాడు. చాచా ఆ రోజు మాత్ర వేసుకోలేదని నాతో రెండుసార్లు చెప్పాడు, అదేదో నేను సరిచేయగలిగిన విషయమైనట్టు.

దినాలకి సంచి తీసుకునే పోయాను. అందరికీ సొరకాయ కూర, సొరకాయ పచ్చడి, సొరకాయ వేసిన పప్పు. పోయినాయనకి ఇష్టమైనవి వండే రోజు అది.

“అవ్వా, మామకి సొరకాయ పడదు కదా.”

“నాకు తెలీదా? ఇన్ని కాయలు ఏం చేయాల మరి.”

కాయలు గంపలో పోసి ఉన్నాయి. చాలావాటికి పొట్టి మెడ, పెద్ద కడుపు, వాళ్ళమ్మ సొరే. రెండో మూడో మాత్రం పొడుగ్గా, తిన్నగా, అంగడి ప్యాకెట్టు మీది బొమ్మ మాదిరి ఉన్నాయి. అంటే ఆ గింజల్లో ఒకటో రెండో ఎవరివో. మామ వాటిని చూసే ఉంటాడు, చూసీ నాకు ఫోన్లో చెప్పలేదు. అవ్వ వాటిని గంపలోంచి వేరు చేసి వంటవాళ్ళ వైపు తోసింది. “ఇవి ముందు కోసెయ్యండి.” చివరికి ఒకటి మిగిలితే అది నా సంచిలో పడింది. బ్యాంకు ఉద్యోగస్తుడికి ఏదైతే ఏం.

పోయేటప్పుడు కాయితంలో చుట్టి కాసిన్ని గింజలు ఇచ్చింది. “పొట్టిదానివి. ఏరి పెట్టినా. నువ్వు పోయేలోపల ఇంకొకరికి ఇయ్యి.” ఆమె ఇదివరకు తన గురించే అట్లా అనేది. విజిలు మేకుకి అట్లాగే వేలాడుతోంది. తీసుకుందామా అనుకుని, నేను వేస్తే వీధి మొత్తం తప్పు టైంకి మాత్రలు వేసుకుంటుందని వదిలేశాను.

చాగలమర్రిలో నా అద్దింటి మిద్దె మీద రెండు కుండీల్లో ఆ గింజలు పెట్టాను. తీగ పాకింది, మొగ్గలొచ్చాయి. మొదటి ఆడమొగ్గ ముదిరిన రోజు బ్యాంకు నుంచి వచ్చి కుర్చీ వేసుకుని దాని ముందు కూర్చున్నాను. మూత పెట్టలేదు, రుద్దలేదు, మొక్కలేదు, చెప్పు కట్టలేదు. టీ తాగుతూ చూస్తున్నాను. పొద్దు గూకుతుండగా, ఎవరూ విజిలు వెయ్యకుండానే, మొగ్గలన్నీ ఒక్కొక్కటే విచ్చుకున్నాయి. తెల్లగా. అప్పుడు నంద్యాలలో చీకట్లో పందిరి మీద కనిపించినవి అన్నీ నా పేపర్లు కావని అర్థమైంది. చీకటి పడే ముందు ఏదో బూడిదరంగు రెక్కల పురుగు ఒకటి వచ్చి ఈ పువ్వులోంచి ఆ పువ్వులోకి పోయింది.

సొరపువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది. మరుసటి పొద్దున పది గంటలకి వడిలిపోయి ఉంటుంది.